రెంటచింతల యెండ, సుల్తానా స్వప్నము

వేసవి వచ్చినదనగా ఎండ తీవ్రతను గూర్చిన వార్తలలో మన పల్నాటి రెంటచింతల పేరు వినబడని సంవత్సరము అరుదు. ఆ యెండను నిందించి, తడిగుడ్డ నెత్తిన వేసికొని, ప్రొద్దు వాలుటకై ఎదురుచూచుటయే మనకు తరతరముల అలవాటు. అట్టి యెండనే గొట్టముద్వారా వంటయింటికి రప్పించి పొగలేని వంట చేసికొను దేశమొకటి, మబ్బులలోని నీటిని ఆకాశమున నిలిపిన బుడగతో తోడుకొని అనావృష్టికిని తుపానుకును తావులేకుండ జేసికొన్న దేశమొకటి 1905లోనే ఒక భారతీయస్త్రీ ఊహలో అవతరించినదనియు, ఆ కథను తొలుత మద్రాసున ప్రచురించిన పత్రికకు సంపాదకురాలు రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగు విదుషీమణి యనియు చెప్పినచో నేటి మన యువకులు ఆశ్చర్యపడకుండరు.

ఆ రచయిత్రి బేగం రొకియా సఖావత్ హుసేన్. ఆ కథ ‘సుల్తానాస్ డ్రీమ్’. ఆ పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. ఆ సంపాదకురాలు కమలా సత్యనాథన్. పురుషులు అంతఃపురములలో నుండగా స్త్రీలు రాజ్యమేలు ఆ దేశమున రెండు విశ్వవిద్యాలయములు పోటీపడి, యొకటి మేఘజలమును, మరియొకటి సూర్యతాపమును వశపరచుకొనును. శత్రుసేన దండెత్తి వచ్చినపుడు ఆ స్త్రీలు కత్తి దూయకయే, కూడగట్టిన యెండను వారిపై ప్రసరింపజేసి పారద్రోలుదురు. గురజాల కొలువున నాయకురాలు నాగమ్మ చేసిన మంత్రిత్వమును, దానిపై లోకము మోపిన నిందలను కారెంపూడి వీరుల తిరునాళ్ళలో తరతరములుగా వినుచున్న మన సీమవారికి ఈ కథ తగిలినంత సూటిగా మరియొకరికి తగులదని నా నమ్మకము. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము స్త్రీల రచనలకై ప్రత్యేకించిన జాలస్థలమున దాని ఆంగ్లమూలము ఉచితముగా లభించును. గంటసేపైనను పట్టని చదువు.

సైన్స్ ఫిక్షన్ అని మనమందరము పిలుచుకొను వైజ్ఞానిక కల్పనాసాహిత్యమును చదువగోరు మన ప్రాంతపు బాలబాలికలకు ఒకప్పుడు శాఖాగ్రంథాలయపు బీరువాయే సరిహద్దు. అందున్న పుస్తకములే ప్రపంచము. నేడు మాచర్లలోని విద్యార్థి చేతిలోని ఫోనునకు అట్టి సరిహద్దు లేదు. 1971లో మైకేల్ హార్ట్ ప్రారంభించిన ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో హెచ్. జి. వెల్స్ వ్రాసిన ‘టైమ్ మెషీన్’, ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలలు పూర్తిగా ఉన్నవి. ఆ గ్రంథములనే స్వచ్ఛందముగా చదివి వినిపించువారి సమూహము లిబ్రివాక్స్, 2005లో పుట్టినది. ఆంగ్లమున అంత చొరవ లేని మన పిల్లలకు నేను చెప్పు ఉపాయమొకటి కలదు: గూటెన్‌బర్గ్ పుటను కన్నులయెదుట నుంచుకొని లిబ్రివాక్స్ కంఠమును చెవులకు వినిపించుకొనుడు, మొదటి అధ్యాయము కష్టముగా నడచినను నాలుగవదానికి వచ్చునప్పటికి కన్నును చెవియు ఒకదాని కొకటి చేయూతనిచ్చుకొనును. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రమును కృష్ణదేవరాయల కొలువునకును 2504వ సంవత్సరమునకును నడిపినప్పుడు ఇంటిల్లిపాదియు చూచి ఆనందించినవారమే, ఆ యంత్రము తొలుత ఏ కార్ఖానాలో తయారైనదో 1895 నాటి వెల్స్ నవలలో చూచుట మన ఋణము.

కొత్త కథలు కావలెనన్నచో క్లార్క్స్‌వరల్డ్ అను మాసపత్రికను మొదట పేర్కొందును. 2006లో ఆరంభమైన ఈ పత్రిక కథలను ఉచితముగా చదువనిచ్చుటయే గాక పాడ్‌కాస్టుగా వినిపించును గూడ. చీనా కథలను ఆంగ్లమునకు తెచ్చుటకు అది చేసిన శ్రమను నేను మిక్కిలి గౌరవింతును. 2015లో లియు సిషిన్ నవల ‘త్రీ-బాడీ ప్రాబ్లమ్’ కెన్ లియు అనువాదముద్వారా హ్యూగో బహుమానము గెలుచుకొన్నది. అనువాదనవలకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. 2023 ఫిబ్రవరిలో యంత్రములచే వ్రాయించిన కథలు వెల్లువగా వచ్చిపడుటచే క్లార్క్స్‌వరల్డ్ సంపాదకుడు నీల్ క్లార్క్ కొంతకాలము రచనల స్వీకారమునే ఆపివేయవలసివచ్చినది. యంత్రమేధను గూర్చి దశాబ్దములుగా ఊహించిన సాహిత్యమునకే ఆ యంత్రమేధ ముందుగా తలుపు తట్టుట మన తరము శ్రద్ధగా గమనింపవలసిన విషయము. స్ట్రేంజ్ హొరైజన్స్, ఎస్కేప్ పాడ్ అనునవియు ఈ కోవలోనివే.

ఇక తెలుగు మాటకు వత్తును. తెలుగున ఈ సాహిత్యము లేదనువారు వెదకనివారు. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహా హూహూ’లో గుఱ్ఱపుముఖముగల గంధర్వుని లండను నడిబొడ్డున పడవేసి, రెండు నాగరికతల జ్ఞానమును ఎదురెదురుగా నిలబెట్టిన తీరు ఏ భాషవారైనను గర్వింపదగినది. కొడవటిగంటి కుటుంబరావు ‘గ్రహశకలం’ వ్రాసెను, యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ను ఇంటింటికి చేర్చెను, వైద్యుడైన చిత్తర్వు మధు కుజగ్రహమువైపును ప్లూటోవైపును కథలను నడిపించెను, మద్రాసు ఐఐటీ ఆచార్యుడు వి. శ్రీనివాస చక్రవర్తి జూల్స్ వెర్న్ పాతాళయాత్రను తెలుగు చేసెను. ఇవన్నియు ఒకచోట లేవు. అదియే నా బాధ.

పాత తెలుగుపుస్తకములలో అనేకము అంతర్జాలమునకు చేరుటకు కారకులలో ముఖ్యుడు మన చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమునందిన రాజ్ రెడ్డి. ఆయన తలపెట్టిన పదిలక్షల గ్రంథముల యజ్ఞమునకు అనుబంధముగా మన దేశమున నడచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు గ్రంథములు పుటపుటగా ఛాయాచిత్రములై నిలిచినవి; నేడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభించును. కాని గ్రంథనామములను రోమనులిపిలో, ఎవరికి తోచిన అక్షరక్రమమున వారు వ్రాసియుంచుటచే, నిండుగాదెకు తలుపెక్కడనున్నదో తెలియనట్లు పాఠకుడు నిలువవలసివచ్చుచున్నది. వెదకువారు గ్రంథనామమును విడిచి రచయిత పేరును, అదియు మూడు నాలుగు విధముల అక్షరములతో, దీర్ఘములను హ్రస్వములుగ మార్చియు వెదకుట మేలు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము జాలస్థలమున మాత్రము రచయితల క్రమమున, పత్రికల క్రమమున కథలు కానవచ్చును. తెలుగు కథకు అంతటి సేవ మరియెవ్వరును చేయలేదనుట అతిశయోక్తి కాదు. 1998నుండి వెలువడుచున్న ‘ఈమాట’ పాతసంచికలును, ‘హర్షణీయం’ పాడ్‌కాస్టులోని కథాపఠనములును, ‘కౌముది’ సంపాదకుడు కిరణ్ ప్రభ ప్రసంగములును వైజ్ఞానిక కల్పనకే పరిమితమైనవి కాకపోయినను, చెవికి మంచి తెలుగును అలవరచునవి. చలనచిత్రములకు ‘వివరణ’ యని యూట్యూబున వెలయు దృశ్యకములకై మాత్రము నేనెవరిని పంపను.

పాశ్చాత్యుల సైన్స్ ఫిక్షన్ బలమునకు రచయితలు ఎంత కారణమో పాఠకుల పట్టుదలయు అంతే కారణమని నేను గట్టిగా నమ్ముదును. 1995నుండి ఐఎస్‌ఎఫ్‌డీబీ అను సూచికను అక్కడి పాఠకులు స్వచ్ఛందముగా నడుపుచున్నారు: ఏ కథ ఏ పత్రికలో ఏ నెలలో తొలుత వచ్చినది, మరల ఏ సంకలనమున చేరినది, ముఖచిత్రమెవరు వేసిరి, అన్నియు అందు దొరకును. 1979లో పీటర్ నికల్స్ ప్రథమముద్రణ వెలువరించిన ‘సైన్స్ ఫిక్షన్ ఎన్‌సైక్లోపీడియా’ 2011నుండి అంతర్జాలమున ఉచితముగా పెరుగుచున్నది. ఈ రెండును లేకున్నచో అక్కడి పాతకథలును మనవాటివలెనే చెదలకు ఆహారమైయుండును.

అట్టి పట్టికను తెలుగునకు నరసరావుపేట కళాశాలల విద్యార్థులు ఏల ఆరంభింపరాదు? నాగార్జునసాగరము నిండకముందే కొండలోయలోని కట్టడములను ఇటుక యిటుకగా విప్పి, అనుపు మెట్టపైకిని కొండశిఖరముపైకిని చేర్చి నిలిపిన సీమ మనది. మునిగిపోవుదానిని ఎట్లు కాపాడవలెనో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. ఒక్కొక్కరు ఒక్క పత్రికయొక్క ఒక్క సంవత్సరపు సంచికలను తీసికొని, ‘భారతి’యో ‘చందమామ’యో ‘యువ’యో, అందు వైజ్ఞానిక కల్పన యనదగిన ప్రతి కథకును పేరు, రచయిత, సంచిక నెల, పుటసంఖ్య, రెండు వాక్యముల సారాంశము వ్రాసికొనిన చాలును. సందేహాస్పదమైన కథలను విడువక వేరుగా గుర్తుపెట్టవలెను; ‘హాహా హూహూ’ ఏ వర్గమునకు చెందునను వాదము పట్టిక పూర్తియైన పిదప జరుపుకొనవచ్చును. వ్రాసికొన్నదానిని 2003 డిసెంబరునుండి ఎల్లరికి తెరచియున్న తెలుగు వికీపీడియాలో, ఏ రచయితకు పుట లేదో ఆ రచయితతో ఆరంభించి, మూలసంచిక వివరముతో సహా చేర్చవలెను. వేసవిసెలవులలో మొదలిడిన యెడల కార్తీకమునాటికి ఒక పత్రికయైనను ముగియును.

— పల్నాటి పాఠకుడు