ఖత్నా గాయమే రోగ నిర్ధారణ కావాలా?

మా బంధువుల ఇంట రెండేళ్ల బాలుడికి ఖత్నా జరిగిన నాడు దావత్ కోసం వండిన బిర్యానీ దేగిసాలలోనే మిగిలిపోయింది. కట్టు మార్చిన ప్రతిసారీ తడిసిపోయేది. తెల్లవారుజామున జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాదుకు తరలించిన తరువాతగానీ జబ్బు పేరు తెలియలేదు: హీమోఫీలియా. పాకే వయసులోనే బాబు మోకాళ్ల మీద నీలిమచ్చలు కనిపించాయట. దిష్టి అనుకొని తావీజు కట్టారు. అదృష్టవశాత్తు బిడ్డ దక్కాడు. "అంతా నీ పుట్టింటి రక్తం" అని తల్లి మీద వేసిన నింద మాత్రం ఇంకా తొలగలేదు.

ఈ నింద అన్యాయం. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఎనిమిదో ఫ్యాక్టర్ లోపిస్తే హీమోఫీలియా ఎ, తొమ్మిదోది లోపిస్తే బి. మొదటి రకం సుమారు 5,000 మంది మగశిశువులలో ఒకరికి వస్తుంది. లోపమున్న జన్యువు తల్లి ద్వారా కుమారుడికి సంక్రమించే మాట నిజమే. కానీ దాదాపు మూడో వంతు మందిలో కుటుంబ చరిత్రే ఉండదు. జన్యువులో కొత్తగా వచ్చిన మార్పే కారణం. మేనరికం వల్లనే వచ్చిందనడమూ సరికాదు. రక్తసంబంధీకుల మధ్య వివాహాలతో పెరిగేవి ఏడు, పదమూడు వంటి ఇతర ఫ్యాక్టర్ల లోపాలు.

ఈ విషయం మనకు కొత్త కాకూడదు. వెయ్యేళ్ల క్రితమే అండలూసియా వైద్యుడు అల్ జహ్రావీ, ఒక గ్రామంలోని పురుషులు చిన్న గాయాలకే ఆగని రక్తస్రావంతో మరణించడాన్ని తన 'అల్ తస్రీఫ్' గ్రంథంలో నమోదు చేశాడు. ప్రాణభయం ఉన్నచోట ఖత్నాను వాయిదా వేయవచ్చని ఫిఖ్ పండితులు చెబుతూనే ఉన్నారు. అయినా మన మస్జిదులలో ఈ ప్రస్తావన నేను విన్నది అరుదు. ఖత్నాకు ముందు, బిడ్డ మేనమామలలో ఎవరికైనా గాయమైతే రక్తం ఆగేది కాదా అని అడగడానికి ఖర్చేమీ లేదు. అనుమానముంటే గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్ష, ఫ్యాక్టర్ల స్థాయి పరీక్ష చేయించాలి. లోపం తేలినా, నిపుణుల పర్యవేక్షణలో ఫ్యాక్టర్ ఎక్కించి ఆసుపత్రిలోనే ఖత్నా జరిపించవచ్చు. ఇటువంటి పిల్లలకు వైద్యుడిని అడగకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు ఇవ్వరాదు.

ప్రభుత్వం బాధ్యత దీనికంటే పెద్దది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో హీమోఫీలియా ఒకటి. 40 శాతం వైకల్యం ధ్రువీకరణ ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు కేటాయించాలి. విచిత్రమేమంటే, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కోసం అదే చట్టం పేర్కొన్న జాబితాలో రక్తవ్యాధులు లేవు. పదేపదే కీళ్లలో రక్తం చేరి మోకాలు బిగుసుకుపోయిన యువకుడు ఆటో నడపలేడు, మెకానిక్ షెడ్డులో నిలబడలేడు. మన బస్తీలలో అతనికి దొరికే పనులు అవే కదా!

అన్నిటికంటే ముందు కావలసింది ఫ్యాక్టర్ ఇంజెక్షన్. రక్తస్రావం మొదలైన తొలి గంటలలోనే అది పడాలి. బయట కొంటే ఒక్కో మోతాదుకు వేలల్లో ఖర్చు. బస్సెక్కి నగరానికి చేరేలోపు కీలు దెబ్బతింటుంది. తలలో రక్తస్రావమైతే ప్రాణమే పోవచ్చు. అందుకే ప్రతి జిల్లా ఆసుపత్రిలో రాత్రివేళ కూడా ఫ్యాక్టర్ నిల్వ ఉండాలని జమాత్ కమిటీలు కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలి. ఏప్రిల్ 17 ప్రపంచ హీమోఫీలియా దినం. అంతదాకా ఆగనవసరం లేదు.

ఆ ఇంట ఇప్పుడు రెండో మగబిడ్డ పుట్టాడు. ఖత్నా ఎప్పుడని బంధువులు అడుగుతున్నారు. పరీక్ష ఫలితం వచ్చాకేనని తల్లి చెబుతోంది.