మనల్ని అడిగేది రంగు ఒక్కటేనా?

కారు కొనేటప్పుడు మన ఇళ్లల్లో ఆడవాళ్లని అడిగేది ఒక్కటే - "ఏ రంగు బాగుంటుంది?" అని. మా ఇంట్లోనూ అదే జరిగింది.

మాది 2008 నాటి మారుతి 800. జువ్వలదిన్నె నుంచి కావలికి దాన్ని నడుపుకుంటూ వెళ్లేది నేనే. డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. పదిహేనేళ్లు నిండాక 2023లో రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకి రెన్యువల్ చేయించాం. తాళం తిప్పితే చాలు, ఇప్పటికీ స్టార్టవుతుంది. కానీ సముద్రం పక్కన ఊరాయె, ఉప్పుగాలి ఊరుకుంటుందా? అడుగు రేకు తుప్పుపట్టి, చెయ్యి పెడితే పొట్టు రాలుతోంది.

దాన్ని అమ్మేద్దామని మా ఆయన చెన్నై నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కారొకటి చూశారు. అయిదేళ్ల బండి. ధర తక్కువ, లోపలంతా తళతళ. "రంగు నచ్చిందా?" అన్నారు. నేను రంగు చూడలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగాను. కొసన బురద చార! కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే ముక్కవాసన. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో కార్లు మునిగిపోవడం టీవీల్లో చూశాం కదా! అలాంటివి కొన్ని కడిగి, పాలిష్ పెట్టుకుని మనలాంటి వాళ్ల గుమ్మంలోకే వస్తాయి. నీళ్లు తాగిన వైర్లు ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరు చెప్పగలరు? పైగా తమిళనాడు బండికి అక్కడి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

అలాగని పాతదే బంగారం అనను. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక తప్పనిసరి. మా 800లో అవేవీ లేవు. పాపని వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాక, లారీ పక్కనుంచి దూసుకుపోతే గుండె గుభేలుమంటుంది. ఎంత టింకరింగ్ చేయించినా ఆ రక్షణ రాదు కదా!

అందుకే, మమకారం కొద్దీ తుప్పుబండిని పట్టుకు వేలాడొద్దు. మెరుపు చూసి మునిగిన బండీ కొనొద్దు. సర్వీసు పుస్తకం, ఇన్సూరెన్సు క్లెయిముల వివరాలు అడగండి. తెలిసిన మెకానిక్‌తో బండి పైకెత్తించి అడుగు చూడండి. పాతది అమ్మినప్పుడు కొన్నవాళ్ల పేరుకి ఆర్‌సీ మారేదాకా వదలొద్దు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదానికి బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

మేమింకా వెతుకుతూనే ఉన్నాం. ఈసారి మా ఆయన రంగు మాటెత్తడం లేదు. "నువ్వొచ్చి బెల్టు లాగి చూడు, తర్వాతే బేరం" అంటున్నారు. బండి నడిపేది మనమైనప్పుడు, చూసి చెప్పాల్సిందీ మనమే కదా!