ట్రాక్టరు బ్రేకులును, మన బాధ్యతయును

ఎడ్లబండ్ల కాలమున మనకు బ్రేకుల చింత అంతగా లేకుండెను. పల్లమున బండి జోరందుకొన్నచో ఎడ్లే మెడ బిగించి నిలదొక్కుకొనెడివి. ట్రాక్టరునకు ప్రాణము లేదు. మనము ఆపిననే అది ఆగును. ఈ భేదమును రైతు సోదరులలో పలువురింకను గుర్తింపలేదని మా అభిప్రాయము.

గడచిన కోతలలో ఒక గ్రామమున, కాలువగట్టు వాలున ధాన్యపు బస్తాలతో నిలిపియున్న ట్రాక్టరును మేము చూచితిమి. హ్యాండుబ్రేకు చెడి రెండేండ్లయినదట! చక్రము క్రింది రాయి యొక్కటే ఆధారము. ఆ తొట్టి నీడనే కూలి స్త్రీలు కూర్చుండి అన్నము తినుచుండిరి. యజమాని నడుగగా, "ఇన్నాళ్లును రాయి మోసము చేయలేదు గదండీ" యనెను. రాయి జారిననాడు ఆ సమాధానము ఎవరికి చెప్పుకొనవలెను?

చట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 96వది, కాలితో త్రొక్కు బ్రేకును, నిలిపి యుంచు బ్రేకును, ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు ఏర్పాట్లుగా నుండవలయుననియు, అవి ఎల్లప్పుడును పనిచేయు స్థితి యందుండవలయుననియు శాసించుచున్నది. 1988 నాటి చట్టము 126వ సెక్షను ప్రకారము, లైసెన్సు గలవాడు సీటున లేనపుడు ఇంజను ఆపి, బ్రేకు వేసియో, మరియొక విధముననో బండి తనంత తాను కదలకుండ జాగ్రత్తపడక బహిరంగ స్థలమున విడువరాదు. రాయి తోడుగా నుండుట మంచిదే. కాని అది చెడిన బ్రేకునకు బదులు కాదు.

190వ సెక్షను ట్రైలరునకును వర్తించును. అపాయకరమైన లోపమును తెలిసియో, తగు శ్రద్ధతో చూచిన తెలియదగినదై యుండియో బహిరంగ స్థలమున నడుపువాడే గాక, నడుపనిచ్చిన యజమానియు దోషియే. 2019 సవరణానంతరము జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపము వలన ప్రమాదము జరిగి ఎవరికైనను గాయమైనచో మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇక వాడుకను గూర్చి రెండు మాటలు. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేరువేరు పెడళ్లుండుట చాలులో మళ్లుటకు మాత్రమే. రోడ్డెక్కగానే ఆ రెంటిని కొక్కెముతో కలుపవలయును. వేగమున ఒక్క పెడలునే త్రొక్కినచో బండి ఒక ప్రక్కకు లాగి తిరుగబడును. డీజిలు పొదుపునకై పల్లమున న్యూట్రలు వేయరాదు. దిగుటకు ముందే తక్కువ గేరు వేయవలయును. బ్రేకులు లేని తొట్టి తన బరువంతయు ట్రాక్టరుపై నెట్టును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము సుమారు నాలుగు రెట్లగునని మరువరాదు.

మరమ్మతునకు డబ్బెక్కడిదని కొంద రందురు. విత్తనమునకు, ఎరువునకు అప్పు తెచ్చు మనము, మన మనుష్యుల ప్రాణములకై కొంచెము వెచ్చింపలేమా? ప్రతి సంఘమును కోతలకు ముందొక దినము మెకానిక్కును పిలిపించి సభ్యుల బండ్లన్నిటిని పరీక్షింపించుట మంచిది. బ్రేకులు సరిలేని ట్రాక్టరును సంఘపు సరుకు మోయుటకు పిలువరాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును తీర్మానింతురు గాక యని కోరుచున్నాము.