దెబ్బ తగిలిందా? తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు!

యాడికి మండలం బండ గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు పనుల్లో ఒళ్లొంచి కష్టపడే అన్నలారా, అక్కలారా!

వాన మొహం చాటేసి వేరుశనగ చేతికి రాకుంటే మనకు మిగిలేది బండ పనే. అదీ లేదంటే బెంగళూరు బస్సు. ఎక్కడికి పోయినా కోత మిషనుకు వేలు తెగడం, బండ జారి కాలు మీద పడడం చూస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత జరిగేది కూడా చూస్తున్నాం. మేస్త్రి ఆస్పత్రి దాకా వెంట వస్తాడు. "డాక్టరు అడిగితే బండి మీంచి పడ్డానని చెప్పప్పా, కేసులెందుకు, ఖర్చంతా ఓనరే చూసుకుంటాడు" అంటాడు. కట్టు విప్పకముందే నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. పాతిక వేలో ముప్పై వేలో చేతిలో పెట్టి, 'నాకు ఇంకేమీ రావాల్సింది లేదు' అని రాసిన కాగితం మీద ముద్ర వేయించుకుంటారు. తెగింది ఒక చేతి వేలైతే ముద్ర రెండో చేతిది!

ఆ వేలికి చట్టం కట్టిన లెక్క ఎంతో చూడండి. ముప్పై ఏళ్ల మనిషి, నెలకు 15,000 జీతం అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న అంకె 207.98. రెండూ గుణిస్తే 18,71,820 రూపాయలు. మనిషి ఇక ఏ పనికీ పనికిరాకుండా పోతే రావాల్సింది ఇది. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం నష్టమని చట్టం పట్టికలోనే ఉంది. అంటే 5,61,546 రూపాయలు. ఒక కన్ను పోతే 40 శాతం. ప్రాణమే పోతే జీతంలో సగాన్ని అదే అంకెతో గుణిస్తారు: 15,59,850 రూపాయలు. వయసు తక్కువైతే అంకె పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. జీతం 15,000 దాటినా లెక్కకు తీసుకునేది అంతవరకే. ఆస్పత్రి ఖర్చు దీనికి వేరు. అది కూడా యజమానిదే.

ఇప్పుడు పాతిక వేలను ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి.

ఇదేమీ నిన్న మొన్న వచ్చిన హక్కు కాదు. 1923లో తెల్లదొరల కాలంలోనే ఈ పరిహార చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పేరు మారినా లెక్క కట్టే తీరు అదే. పైగా పనికి పోతూ వస్తూ దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, కోడ్ కిందికి వస్తుంది. ఈఎస్ఐ కార్డు ఉన్నోళ్లకు మాత్రం దారి వేరు. వాళ్లకు డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది.

మనల్ని భయపెట్టే మాటలు కొన్ని ఉన్నాయి. "నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి" అంటారు. కాంట్రాక్టరు కింద చేసినా ఫ్యాక్టరీ ఓనరు పరిహారం కట్టాల్సిందే, కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం ఆయన తిప్పలు. "హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు నీదే" అంటారు. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా పోయినా ఆ సాకు చెల్లదు. "సంతకం పెట్టేశావు కదా" అంటారు. హక్కు వదులుకుంటున్నానని రాసిన ఏ కాగితమూ చట్టం ముందు నిలవదు. ఇప్పటికే ముద్ర వేసినోళ్లు కూడా కుంగిపోవద్దు. చావు జరిగిన ఇంటికి రావాల్సిన పరిహారం కార్మిక శాఖ అధికారి దగ్గర జమ కావాలి, పెద్దమనుషుల చేతుల మీదుగా కాదు.

2018 జూలై 12న తాడిపత్రి గెర్డౌ స్టీల్ ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. దేశమంతా తెలిసింది. అంత ఘోరం జరిగితే నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా అంటారు. ఒక్కడి వేలు తెగితే పేపరోడు కూడా రాడు. ఆ ఒక్కడికి చట్టమే దిక్కు. ఎక్స్‌గ్రేషియా సర్కారు దయతో ఇచ్చేది. పరిహారం మన బాకీ.

అందుకే దెబ్బ తగిలిన రోజే జాగ్రత్త పడాలి. ఆస్పత్రి చీటీలో 'పని చోట, మిషను వల్ల' అని రాయించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. బండి మీంచి పడ్డానని ఒకసారి రాయిస్తే దాన్ని చెరపడానికి ఏళ్లు పడుతుంది. మిషను ఫోటో, హాజరు పుస్తకం ఫోటో, కూలి డబ్బులు ఫోన్‌పేలో పడిన మెసేజీలు దాచుకోండి. పక్కన పనిచేసినోళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. ఓనరుకు రాతపూర్వకంగా తెలియజేసి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. నెలలోపు డబ్బు కట్టకుంటే ఆయన మీద వడ్డీ పడుతుంది, సరైన కారణం చూపకుంటే సగం దాకా అదనపు జరిమానా కూడా.

దరఖాస్తు రెండేళ్లలోపు అనంతపురం కార్మిక శాఖ అధికారికి ఇవ్వాలి. దెబ్బ బెంగళూరులో తగిలినా సరే, మీరు ఉండేది ఇక్కడైతే ఇక్కడే వేయొచ్చు. లాయరుకు డబ్బుల్లేవని వెనకడుగు వేయొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఈ కాగితాన్ని చదివి పారెయ్యకండి. మీ గనిలో, మీ షెడ్డులో చదువురాని వాళ్లకు చదివి వినిపించండి. ఎవరికి దెబ్బ తగిలినా మేస్త్రి కన్నా ముందు మీరు ఆస్పత్రికి చేరండి!

ఇట్లు,
యాడికి మండలంలోని మీ తోటి కార్మికులు