వెలుగొక్కటియే సాక్ష్యము కాదు

నరసాపురమునకు అనతిదూరమున నున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కేతో కూడి, 1925లో హార్వర్డు వైద్యకళాశాలయందు ఫాస్ఫరసును నీలివర్ణముచే కొలుచు పద్ధతిని లోకమున కొసంగిరి. పరిమాణము ముందుగా తెలిసిన ద్రావణము నొకదానిని ప్రక్కన నుంచి, ఆ నీలిమతో ఈ నీలిమను పోల్చి చూచుటయే యా పద్ధతికి ప్రాణము. ఆయన 1940లో లెడర్లీ సంస్థకు తరలిన మరుసటి యేడే, ఆ వైద్యకళాశాలయందే ఆల్బర్ట్ కూన్స్, తమకు తగిన పదార్థమును పట్టుకొను ప్రతిరక్షకములకు (యాంటీబాడీలకు) కాంతి నీను రంగును తగిలించి, కంటికి గోచరింపని పదార్థమును సూక్ష్మదర్శిని క్రింద వెలిగించెను.

నేడు కణములను పరస్పరము బంధించు ఇ-కాడ్హెరిన్ అను ప్రోటీనును పరిశోధకులు ఈ మార్గముననే చూచుచున్నారు. జపానునందు మసతోషి తాకెయిచి వెలికితీసిన కాడ్హెరిన్ల కుటుంబములోని యీ ప్రోటీను, కాల్షియము తోడున్నగాని పట్టు నిలుపదు. స్లైడుపై కణములను స్థిరపరచి, కుందేటి ప్రతిరక్షకమును వేసి, రాత్రియంతయు చల్లని పెట్టెలో నుంచి, కడిగి, ఆ కుందేటి ప్రతిరక్షకమును పట్టుకొను రంగుపూసిన మేక ప్రతిరక్షకమును వేసి, మరల కడిగి, చీకటిగదిలో నీలికాంతిని ప్రసరింపజేసినచో, కణముల సరిహద్దులన్నియు పచ్చగా వెలిగి, నరసాపురపు స్త్రీలు అల్లు లేసుగళ్లవలె నొకదాని నొకటి యానుకొని కనిపించును. రొమ్ము క్యాన్సరులో లోబ్యులర్ అను రకమునందు ఈ ప్రోటీను సాధారణముగా లోపించును; అచ్చట గళ్లు మాసిపోవును.

మనోహరమైన యీ దృశ్యమే పరిశోధకుని మోసగింపగలదు. ప్రతిరక్షకము వేరొక ప్రోటీనును పట్టవచ్చును. కడుగుట చాలనిచో రంగు ఎచ్చటనైన నంటుకొనవచ్చును. కొన్ని కణములు ఏ రంగును లేకయే స్వతస్సిద్ధముగా వెలుగును. కనుక మొదటి ప్రతిరక్షకము వేయని స్లైడు నొకటియు, ఆ ప్రోటీను బొత్తిగా లేని కణముల స్లైడు నొకటియు ప్రక్కన చూపనివాని చిత్రమును, అదెంత సుందరమైనను, నేను శాస్త్రమని యంగీకరింపను. సుబ్బారావుగారి నీలిద్రావణమునకు తోడునీడయై నిలిచిన నియమమును ఈ పచ్చకాంతికి మాత్రము మినహాయించుట న్యాయము కాదు.

ఖరీదైన ప్రతిరక్షకపు సీసాను కొనుటకు ధనము దొరకును. సరిచూచు స్లైడులకు, వాని సిద్ధపరచు దినములకు లెక్కలో చోటుండదు. పరిశోధనలకు నిధుల నిచ్చువారు ఈ వ్యయమును మొదటనే చేర్చవలయును. గోదావరి డెల్టాలోని కళాశాలల జీవశాస్త్ర విద్యార్థులు సైతము ఈ వెలుగును పుస్తకమున గాక స్వయముగా చూడవలయును గనుక, కళాశాలలన్నియు చేరి ఉమ్మడిగా నొక ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిని సమకూర్చుకొనవలయును. అచ్చట మొదటి పాఠముగా వెలుగుచున్న స్లైడును, వెలుగకూడని స్లైడును కలిపియే విద్యార్థులకు చూపవలసినదని ఆచార్యులను ప్రార్థించుచున్నాను.