గ్రీకుల నాటకములు – మన పురాణపురుషుల మర్యాద

పురాణకథలను నాటకకర్త స్వతంత్రముగా విమర్శింపరాదనియు, విమర్శించినచో మతమునకు చేటు కలుగుననియు మన ప్రాంతమున గట్టి నమ్మకమొకటి కలదు. గన్నవరము మొదలు దివిసీమవఱకు ఏ యూరి తిరునాళ్లకు పోయినను ఈ మాట చెప్పువారు నలుగురు కనబడుదురు. వీరిలో చదువురానివారికంటె చదివినవారే యెక్కువ. ఈ నమ్మకము నిరాధారమని చూపుటకే మేము ప్రాచీన గ్రీకుల మతమును, వారి నాటకములను చదువరుల యెదుట పెట్టుచున్నాము.

గ్రీకుల పేరెత్తగానే మనలో రెండు కక్షలు బయలుదేరును. తెరకు యవనిక యను పేరుండుటచేత మన నాటకమంతయు యవనులయొద్ద నేర్చినదే యని యొక కక్షవారు. వారి ఇలియడ్డు మన రామాయణమునకు నకలే యని రెండవ కక్షవారు. మొదటివారికి ఒక్క మాట చాలును. సోఫొక్లీసు కాలపు గ్రీకు రంగస్థలమునకు ముందు తెరయే లేదు. లేని తెరను మనకెట్లు ఎరువిచ్చిరో వారే చెప్పవలెను. రెండవవారికి ఆ మాటయు అక్కరలేదు. ఎత్తుకొనిపోబడిన స్త్రీకొఱకు యుద్ధము జరుగుట రెండు కథలయందు నున్నంతమాత్రమున నకలు కాజాలదు.

రెండు జాతులకును పరిచయమే లేదని కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన పెరిప్లసు అను నావికగ్రంథము మసాలియా దేశమున నేయు సన్నని నూలుబట్టలను పేర్కొన్నది. అది మన బందరు తీరమని పండితులు చెప్పుదురు. రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల యను రేవు మన ఘంటసాల యని వారు గుర్తించిరి. నేడు ఘంటసాలలో ఓడలు లేవు, వరిచేలు కలవు. నాగార్జునకొండయందు 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో నలువైపుల మెట్ల ఆసనములు గల ప్రాంగణ మొకటి బయల్పడినది. చూచినవారు గ్రీకు రంగస్థలమును తలచుకొనుట సహజమే. కాని గ్రీకులది కొండవాలున అర్ధచంద్రాకారముగ నుండును, ఇది దీర్ఘచతురస్రము. పొరుగింటివారు వంటకము రుచి చూపుకొన్నట్లు ఇచ్చిపుచ్చుకొన్నవి కొన్ని యుండవచ్చును. ఇందు సిగ్గుపడవలసినదియు లేదు, గర్వింపవలసినదియు లేదు.

మాకు ముఖ్యమైనది వేఱు. ఏథెన్సునందు నాటకము వినోదము కాదు, దేవతారాధనము. వసంతకాలమున డయొనీససు దేవుని ఉత్సవమందు ఆ దేవుని విగ్రహమును ఊరేగించి తెచ్చి రంగస్థలముకడ నిలిపెడివారు. ఆ విగ్రహము ఎదుటనే ముగ్గురు కవులు తమ విషాదనాటకములను ప్రదర్శించి పోటీపడెడివారు. మేళమునకగు ఖర్చును ధనికుడైన పౌరుడు భరించవలెను. తీర్పరులు పదిమందిని చీట్లు వేసి యెన్నుకొనెడివారు. మన తిరునాళ్లలో రాత్రియంతయు నాటకమాడించుటకును దీనికిని పెద్ద భేదము లేదు. భేదమెల్ల నాటకములో నున్నది.

క్రీస్తుపూర్వము 428 లో యూరిపిడీసు ప్రదర్శించిన హిప్పొలిటసు కథను వినుడు. థీసియసు రాజు రెండవ భార్య ఫీడ్రా. సవతికొడుకైన హిప్పొలిటసుపై ఆమెకు మోహము కలిగెను. అతడు ఆ ప్రస్తావనను అసహ్యించుకొనెను. ఆమె అతనిపై నింద మోపెను, తండ్రి విచారింపక శపించెను, నిరపరాధి నాశమయ్యెను. ఇది చదివిన ప్రతి తెలుగువాడును ఇది మన సారంగధరుని కథయే యనును. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్టను చూపువారు నేటికిని కలరు. చరిత్రలో రాజరాజనరేంద్రుని కొడుకు కులోత్తుంగ చోళుడై 1070 లో చోళసింహాసన మెక్కినవాడు. కాలుసేతులు తెగినవాడు కాడు. పదునైదవ శతాబ్దపు గౌరన నవనాథచరిత్రమున ఈ కథ సిద్ధుల కథగా నున్నది. అదియే తరువాత మన రాజుకు అంటుకొన్నది. చేమకూర వేంకటకవి దీనిని ప్రబంధము చేసెను. గురజాడ 1883 లో ఆంగ్లకావ్యము చేసెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర నాటకముగా వ్రాసి తెలుగున విషాదాంతమునకు త్రోవ తీసెను. 1957 లో చలనచిత్రమును వచ్చినది.

కథ ఒక్కటే, చూపు ఒక్కటి కాదు. మన రంగస్థలముమీద చిత్రాంగి యెట్టిది? పావురమును నెపము చేసికొని పిల్లవానిని పట్టుకొను కాముకి. ఆమె ముసలిరాజునకు ఎందుకు భార్య యయ్యెనో అడుగువాడు లేడు. కొడుకునకు చూచిన పిల్లను తండ్రి తాను కట్టుకొనెనని కొన్ని పాఠములు చెప్పుచున్నను, ప్రేక్షకుని కోపము రాజుపైకి పోదు, ఆమెపైకే పోవును. కన్యాశుల్కమును వ్రాయించుకొన్న దేశమున ఇది ఎంతటి వింత! పదేండ్ల పిల్లను అఱువదేండ్లవానికి కట్టబెట్టుట పాపమని వీరేశలింగము పంతులవారు ఊరూర చెప్పిన పిమ్మట కూడ మనము చిత్రాంగిని తిట్టి ఇంటికి వచ్చి నిద్రించుచున్నాము.

యూరిపిడీసును మొదట ఇట్లే వ్రాసెనట. అతని తొలి నాటకమున ఫీడ్రా సిగ్గువిడిచి తానే ప్రియుని వేడుకొనెననియు, అది ఏథెన్సువారికి నచ్చలేదనియు ప్రాచీన వ్యాఖ్యాతలు చెప్పిరి. అతడు మఱల వ్రాసెను. రెండవ నాటకమున ఫీడ్రా తన మనస్సుతో తానే పోరాడును. మర్యాద పోవుటకంటె మేలని అన్నము మాని చావ సిద్ధపడును. రహస్యమును బయటపెట్టినది దాది. ఇక ఈ మోహమును పుట్టించినదెవరు? తనను పూజింపలేదని హిప్పొలిటసుపై కోపించిన అఫ్రొడైటీ దేవత. ఆ సంగతి ఆమెయే నాటకారంభమున వచ్చి చెప్పును. దేవతలు మనుష్యులకంటె వివేకము గలవారై యుండవలదా యని ఒక ముసలి సేవకుడు ఆమె విగ్రహముముందే మొఱపెట్టుకొనును. దేవతోత్సవమందు, దేవుని విగ్రహము చూచుచుండగా, దేవతదే తప్పని నాటకము చెప్పినది. తీర్పరులు దానికి మొదటి బహుమానమిచ్చిరి.

ఇక మన సంగతి. గుడివాడ చేరువ అంగలూరున పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920 లో శంబుకవధ నాటకమును వెలువరించెను. తపస్సు చేసినందుకు శూద్రుని తల తీయించిన ధర్మమెట్టిదని అందు ప్రశ్నించెను. దానికి ఎన్ని తిట్లు! పురాణద్వేషి యనిరి, మతనాశకుడనిరి. శంబుకుని కథ ఆయన కల్పించినది కాదు, ఉత్తరకాండమున నున్నదే. భవభూతియంతటి మహాకవి ఉత్తరరామచరితమున ఆ ఘట్టమును వ్రాయుచు రాముని చేయి వెనుదీసినట్లు చిత్రించెను. భవభూతికి కలిగిన సంకోచము అంగలూరివానికి కలిగినచో అపచారమెట్లగును? పాఠకులు ఇంకొకటియు తలచుకొందురుగాక. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కృష్ణుని శిరస్సును ఎడమకాలితో తన్నినది. ఆ పద్యమును మన యిండ్లలో పిల్లలచేత వల్లింపజేయుదురు. కూచిపూడివారి భామాకలాపమున అదే భామ దేవునిపై అలిగి కులుకగా ఊరంతయు మురిసిపోవును. ప్రణయకోపమున తన్నిన పాదమువలన చెడని మతము, నేనేమి నేరము చేసితినని శంబుకుడడిగిన మాటవలన చెడునా? చెడునది మతము కాదు, మఱియొకటి యున్నదని మా యనుమానము. భామ యడిగినది ఒక పువ్వును. శంబుకుడడిగినది న్యాయమును.

దీనికి మా మిత్రులొకరు చెప్పెడి ప్రత్యుత్తరము గట్టిదే. దేవతలను అట్లు ప్రశ్నించినందుననే గ్రీకు దేవతలు చచ్చిరి, మన దేవతలు బ్రదికియున్నారని ఆయన వాదము. వినుటకు బాగున్నది, లెక్క కుదురదు. యూరిపిడీసు క్రీస్తుపూర్వము 406 లో మరణించెను. ఆ దేవతల గుళ్లను మూయించినవి క్రీస్తుశకము 391, 392 సంవత్సరములలో థియొడోసియసు చక్రవర్తి చేసిన శాసనములు. నడుమ రమారమి ఎనిమిదివందల యేండ్లు ఆ నాటకములు ఆడుచునే యుండెను, ఆ పూజలు జరుగుచునే యుండెను. ఆ మతమును చంపినది కవి కలము కాదు, రాజు ముద్ర. అరిస్టొఫేనీసు 405 లో కప్పలు అను ప్రహసనమున డయొనీససునే పిఱికివానినిగా చూపి నవ్వించెను. ఆ దేవుని పూజారి ముందువరుస ఆసనమున కూర్చుండి చూచుచుండెను. బహుమానము ఆ నాటకమునకే వచ్చినది.

గ్రీకులు చేసినదెల్ల మేలని మేమనుట లేదు. నాటకమున నోరు మూయని ఏథెన్సు 399 లో సోక్రటీసుకు విషమిచ్చినది. స్త్రీలకును దాసులకును సభలో మాటయే లేదు. మీడియా చెప్పుకొన్న ఆడుదాని గోడును రంగముమీద పలికినవాడును పురుషుడే. ఈ విషయమున మన కూచిపూడికి నవ్వుటకు హక్కు లేదు లెండి. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను చూచినవారు నవ్వరు కూడ.

విషాదాంతము మన సంప్రదాయమునకు విరుద్ధమని చెప్పు పండితులకు భాసుని ఊరుభంగమును చూపిన చాలును. తొడలు విఱిగిన దుర్యోధనుడు రంగముమీదనే ప్రాణములు విడుచును. చూచువారు అతనికై కంటతడి పెట్టుదురు. భాసుడు మ్లేచ్ఛుడు కాడు గదా.

మన కృష్ణాతీరపు రైతు తిరుపతి వేంకటకవుల రాయబార పద్యములను నాగలి పట్టుకొని పాడగలవాడు. నచ్చిన పద్యమును వన్సుమోరని మూడుమారులు పాడించుకొను రసికుడు. అట్టివానికి క్రొత్త ప్రశ్న అర్థము కాదనుట అతనిని అవమానించుట. కావున మా కోరిక యొక్కటే. గన్నవరము చుట్టుపట్ల ఏ నాటకసమాజమైనను ఈయేడు తిరునాళ్లకు సారంగధరనే ఆడవలెను. కాని చిత్రాంగికి ఒక రంగమును అదనముగా వ్రాయించవలెను. తనను ఆ ముసలిరాజునకు ఎవరు ఏ బేరమున కట్టబెట్టిరో ఆమె ఆ రంగమున తన నోటితో చెప్పుకొనవలెను. తీర్పు చెప్పుటకు ఏథెన్సువలె చీట్లు వేసి పదిమందిని కూర్చుండబెట్టుడు. అందు అయిదుగురు స్త్రీలుండవలెను. చందా పట్టికలో మొదటి పేరు మాది వ్రాసికొనవచ్చును.