బకెట్‌లో హీటర్ రాడ్డు: మీటరు దాటాక భద్రత ఎవరి బాధ్యత?

పామర్రులో రూమ్ హీటర్ కొనేవాళ్లు అరుదు. కృష్ణా డెల్టాలో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత మామూలుగా 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి. అందుకే ‘చలికాలంలో హీటర్లతో జాగ్రత్త’ అనే మాట వినగానే అది ఢిల్లీ వాళ్లకో, లంబసింగి వాళ్లకో అనుకుంటాం.

కానీ చన్నీళ్ల స్నానం చేయలేం కదా. గీజరు లేని ఇంట్లో బకెట్‌లో రాడ్డు పడుతుంది. పామర్రు, గుడివాడల్లోని అద్దె పోర్షన్లలోనూ, విజయవాడలో నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి ఉండే గదుల్లోనూ అదే సీను. డెల్టాలో చలికాలపు ‘హీటర్’ అంటే అసలు ఇదే. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే, ఎందుకంటే నీళ్లూ కరెంటూ మనిషి చెయ్యీ ఒకే బకెట్ దగ్గర కలుస్తాయి.

రాడ్డు ఎంత కరెంటు లాగుతుంది?

ఎక్కువగా అమ్ముడయ్యేది 1500 వాట్ల రాడ్డు. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 6.5 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్ సామర్థ్యం 6 ఆంపియర్లే. రోజూ అందులోనే పెడితే సాకెట్ వేడెక్కి, ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగి, చివరికి కాలిన వాసన వస్తుంది. రాడ్డుకు 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు.

20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు రావడానికి ఈ రాడ్డుకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. అయ్యే కరెంటు 0.6 యూనిట్. అంటే బిల్లుకు భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది ఆ 25 నిమిషాల్లో ఎవరో ఒకరు ‘కాగాయా లేదా’ అని నీళ్లలో వేలు పెట్టి చూడటానికి.

రాడ్డు లోపల వేడెక్కే తీగకూ, బయటి లోహపు గొట్టానికీ మధ్య కరెంటు దాటనివ్వని పొడి ఉంటుంది. గొట్టానికి సన్నని పగులు వస్తే తేమ లోపలికి దిగుతుంది, కరెంటు నీళ్లలోకి వస్తుంది. పైకి ఏమీ కనిపించదు. నీళ్లు మామూలుగానే కాగుతాయి. ప్లాస్టిక్ బకెట్ అయితే ఫర్వాలేదని చాలామంది నమ్మకం. బకెట్‌ను ముట్టుకుంటే షాక్ కొట్టకపోవచ్చు, నీళ్లను ముట్టుకుంటే మాత్రం కొడుతుంది.

ఎంసీబీ ఉంది కదా, పడిపోదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎంసీబీ వైరింగ్‌ను కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి 0.1 ఆంపియర్ చాలు. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. లోపలికి వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. బోర్డులో ‘టి’ అని రాసిన చిన్న బటన్ ఉంటే అదే. అప్పుడప్పుడు నొక్కి చూడండి, పడిపోతే పనిచేస్తున్నట్టు. బటనే లేకపోతే మీ ఇంట్లో ఆ రక్షణ లేదని అనుకోవచ్చు.

తర్వాతిది ఎర్తింగ్. పాత ఇళ్లలో ఎర్త్ తీగను ఇనుప నీళ్ల పైపుకు చుట్టి వదిలేసేవారు. తర్వాత ఆ పైపులు పీవీసీ అయ్యాయి. తీగ అలాగే ఉంది, దాని అవతల భూమి లేదు. మూడు పిన్నుల ప్లగ్గుకు లావు పిన్ను పీకేసి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చే అలవాటు దీనికి తోడు.

ఎవరు తనిఖీ చేస్తారు?

కృష్ణా జిల్లాకు కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్. స్తంభం నుంచి మీటరు దాకా వాళ్ల పని. మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేయడం కూడా సరఫరా సంస్థ చూడాల్సినదే. ఆ తర్వాతి వైరింగ్ వినియోగదారుడిది. కరెంటు పోతే, స్తంభం దగ్గర నిప్పురవ్వలు వస్తే, వోల్టేజీ విపరీతంగా మారుతుంటే 1912కు చెప్పవచ్చు. ఇంట్లో స్విచ్‌బోర్డు షాక్ కొడుతోందంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకోవాలి. ప్రాణం పోయాక విద్యుత్ తనిఖీ అధికారికి సమాచారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ చెబుతోంది. పోకముందు మామూలు ఇంట్లోకి వచ్చి చూసే అధికారి ఆచరణలో లేడు.

అద్దె ఇంట్లో ఈ ఖాళీ ఇంకా పెద్దది. వైరింగ్ ఓనరుది, రాడ్డు అద్దెకున్నవాళ్లది. ఎవరిని అడిగినా రెండోవాళ్లను చూపిస్తారు. నన్నడిగితే ఇది ఓనరు చేయించాల్సిన పనే, గోడలోని తీగను మార్చే అధికారం ఆయనకే ఉంది కాబట్టి.

గ్యాస్ గీజరు, కుంపటి

గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, 1906కు ఫోన్ చేస్తాం. మంట సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఆపైన స్పృహ ఉండదు. గ్యాస్ గీజరును బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు, గాలి ఆడే బయటి గోడకే బిగించాలి.

బాలింత గదిలో పెట్టే నిప్పుల కుంపటి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. సాంబ్రాణి వేయడం మానమంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకోరు. కనీసం కిటికీ తెరవండి, పొగ వేయడం అయ్యాక నిప్పులు బయట పెట్టేయండి. తలుపులన్నీ బిగించి, కుంపటి పక్కన తల్లీబిడ్డా పడుకోవడమే ప్రమాదం.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న 8 మంది కేరళ పర్యాటకులు చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు 246 మంది మరణించారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. అందులో 19 మరణాలకు కారణం కార్బన్ మోనాక్సైడే. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పిల్లలున్న పామర్రు అమ్మానాన్నలు వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఇంట్లో సీఓ అలారం ఉందా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు?’

ఇప్పటికిప్పుడు ఏం చేయాలి?

రాడ్డును గుర్తు గీత దాకా నీళ్లలో ముంచాకే స్విచ్ వేయాలి. కాగాక స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకి, అప్పుడే నీళ్లు ముట్టుకోవాలి. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, వైరింగ్ తిరగబడి ఉంటే స్విచ్ ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. గొట్టం మీద పగుళ్లు, ఉబ్బులు కనిపిస్తే రిపేరు చేయించకుండా పారేయండి. పిల్లలు తిరిగే చోట బకెట్ పెట్టొద్దు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. మనిషిని చేత్తో లాగొద్దు. మెయిన్ అందకపోతే పొడి కర్రతో వేరు చేసి 108కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, వాళ్లు వచ్చేదాకా సీపీఆర్ చేస్తూ ఉండాలి.

ఆర్‌సీసీబీ ధర, ఎలక్ట్రీషియన్ కూలీ కలిపి కొన్ని వేల రూపాయల ఖర్చు. ఓనరు ‘వచ్చే నెల చూద్దాం’ అంటే, సగం మేం పెట్టుకుంటామని చెప్పి సంక్రాంతి లోపే బిగించమని అడగండి.